హెల్మెట్ నీడలో ముఖం: మే నెల ఎండలో నిర్మాణ కార్మికుల ఫొటోలు తీయడం ఎలా?

ప్రశ్న: సైట్ ఇంజినీరు, హైదరాబాదు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదు పడమటి అంచున కడుతున్న ఒక బహుళ అంతస్తుల భవనంలో సైట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఎప్పటినుంచో ఉంది. ఈ భవనం పూర్తయ్యేలోగా దీన్ని కట్టినవాళ్ళందరి ఫొటోలూ తీసి, ఎవరి ఫొటో వాళ్ళకు పెద్ద సైజులో అచ్చు వేయించి ఇవ్వాలనీ, యాజమాన్యం ఒప్పుకుంటే కొన్నింటిని కింది అంతస్తు గోడ మీద శాశ్వతంగా పెట్టించాలనీ నా కోరిక. పాలమూరు నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చినవాళ్ళూ, ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్ళూ మా సైట్‌లో కలిసి పనిచేస్తున్నారు. సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) బిగించేవాళ్ళు, రాడ్లు కట్టేవాళ్ళు, తాపీ మేస్త్రీలు, తట్టలు మోసే ఆడవాళ్ళు, క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటు గట్టిపడడానికి నీళ్ళు పట్టే కుర్రవాళ్ళు, ఏ ఒక్కరూ తప్పిపోకూడదు.

వచ్చిన చిక్కల్లా ఎండతోనే. ఉదయం తొమ్మిది దాటిందంటే పసుపు హెల్మెట్ మెరిసిపోతుంది, దాని అంచు నీడ మాత్రం కళ్ళను పూర్తిగా కప్పేస్తుంది. ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) పెడితే వెనక కాంక్రీటు గోడా ఆకాశమూ తెల్లగా కాలిపోతున్నాయి. వాటిని కాపాడితే ముక్కు కొన, గడ్డం తప్ప ముఖంలో ఏమీ కనబడడం లేదు. కెమెరా మీద ఫ్లాష్ వేస్తే ముఖం కొంత వెలుగుతోంది గాని, వాళ్ళు వేసుకున్న నారింజ జాకెట్ మీది వెండి పట్టీలు కళ్ళు చెదిరేలా తెల్లగా వస్తున్నాయి. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సరున్న మిర్రర్‌లెస్ కెమెరా, 18-55 లెన్సు, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, ఒక మామూలు ఫ్లాష్ ఉన్నాయి. సహాయకులు ఎవరూ లేరు. పని ఆపించి, మనుషులను నిలబెట్టి ఫొటో తీయడం నాకు ఇష్టం లేదు, కూలి నష్టపోయేది వాళ్ళే కాబట్టి. ఈ పరిస్థితుల్లో ముఖాలు స్పష్టంగా, సహజంగా రావాలంటే ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: పత్రికా ఫొటోగ్రాఫర్, విజయవాడ

మీరు ఎంచుకున్న పని చాలా మంచిది. ఫ్లాష్ గురించీ రిఫ్లెక్టర్ల గురించీ ఆలోచించే ముందు, ఆ సమయంలో సూర్యుడు ఎక్కడ ఉంటాడో ఒకసారి లెక్క వేసుకోండి. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పత్రికలు జీరో షాడో డే అని రాసేది దీని గురించే. మే నెలలో అది మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు జరుగుతుంది. వెలుగు నిట్టనిలువుగా పడుతున్నప్పుడు హెల్మెట్ అంచు కింద ఉన్న కళ్ళకు అది నేరుగా అందే దారే లేదు. ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా ఇందులో మార్పు ఉండదు.

మే మొదటి వారంలో సూర్యుడు ఆరు గంటలకు కాస్త ముందుగా ఉదయించి, గంటకు 14 డిగ్రీల చొప్పున పైకెక్కుతాడు. ఎనిమిదికి సుమారు 30 డిగ్రీల ఎత్తులోనూ, తొమ్మిదికి 45 డిగ్రీల దరిదాపుల్లోనూ ఉంటాడు. తొమ్మిది దాటితే కళ్ళు కనబడడం లేదని మీరు గమనించినది అందుకే. ఎండాకాలంలో మీ సైట్ పని ఎలాగూ ఆరు, ఆరున్నరకే మొదలవుతుంది కాబట్టి, తొలి రెండు గంటలను ఎండలో నిలబడి పనిచేసేవాళ్ళ కోసం పూర్తిగా కేటాయించండి. ఇంకొక మాట. డిసెంబరు చివర హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీలకు మించి ఎక్కడు. భవనం పూర్తి కావడానికి ఇంకా సమయం ఉంటే, పై అంతస్తుల్లో ఆరుబయట తీయవలసిన ఫొటోలను చలికాలానికి వాయిదా వేయడం అన్నిటికన్నా తేలికైన మార్గం.

తొమ్మిది తరవాత మీరు వెతకవలసింది, నేల మీద పడి తిరిగి పైకి లేచే వెలుగును. స్లాబు కింద నీడలో, ఎండ పడుతున్న నేలకు రెండు మూడు అడుగులు లోపలగా, ముఖం బయటివైపు ఉండేలా మనిషి ఉన్నాడనుకోండి. తల మీద ఎండ ఉండదు కాబట్టి హెల్మెట్ నీడ అన్నదే పడదు. ఎదురుగా ఉన్న ఎండనేల వెలుగును మెత్తగా, కొంచెం కింది నుంచి, హెల్మెట్ అంచు దాటించి నేరుగా కళ్ళలోకి పంపుతుంది. ఆ నేల బూడిదరంగు కాంక్రీటు అయితే చర్మం రంగు చెడకుండా వస్తుంది. ఇసుక అయితే కొంత వెచ్చగా ఉంటుంది, అది బాగానే ఉంటుంది. ఎర్రమట్టి గాని, ఇటుకల గుట్ట గాని ఎదురుగా ఉంటే మాత్రం బుగ్గల కింద ఎరుపు పాకుతుంది, ఆ చోటు వదిలేయండి.

ఎక్స్‌పోజర్ విషయానికి వస్తే, నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే స్థాయి) 400 దగ్గర షట్టర్ (తెరిచి ఉండే సమయం, సెకనులో) 1/400, అపర్చర్ (లెన్సు రంధ్రం, అంకె పెరిగితే చిన్నది) ఎఫ్/16 సరిపోతాయి. నేను చెప్పిన నీడలో అదే షట్టరుకు ఎఫ్/5.6 కావాలి. అంటే నీడలో ఉన్న ముఖానికీ ఎండలో ఉన్న గోడకూ మధ్య సుమారు మూడు స్టాపుల తేడా ఉంటుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం). ఆ గోడ ఫ్రేములోకి వస్తే కాలిపోవడం ఖాయం. కాబట్టి మీరు ఎండవైపు వీపు పెట్టి నిలబడి, ఆ మనిషి వెనక స్లాబు లోపలి చీకటి గాని, ప్లాస్టరింగ్ కాని గోడ గాని వచ్చేలా చూసుకోండి. మీటరింగును (కెమెరా వెలుగును కొలిచే పద్ధతి) ముఖం మీద స్పాట్‌గా, అంటే ఆ చిన్న చోటునే కొలిచేలా పెట్టి, నల్లని చర్మం ఉన్నవాళ్ళకు కెమెరా చూపినదానికన్నా అర నుంచి ఒక స్టాపు తగ్గించండి. కెమెరా ప్రతి ముఖాన్నీ మధ్యరకం బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. దాని మాట వింటే శ్రమతో కమిలిన ముఖం పాలిపోయినట్టు వస్తుంది, చెమట మెరుపులు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి. ఫైలు రా ఫార్మాట్‌లోనే (సెన్సరు పట్టిన వివరాలన్నీ ఉండే రూపం) ఉంచండి.

పని చేస్తున్నప్పుడే తీయాలన్న మీ నియమాన్ని వదలకండి. ఎవరి పని ముఖాన్ని ఎటు తిప్పుతుందో చూడండి. సీలింగుకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రి తలెత్తి ఉంటాడు, ముఖం తానే వెలుగులోకి వస్తుంది. రాడ్లు కట్టేవాడు గొంతుక్కూర్చుని కిందికి చూస్తుంటాడు, అతనికి సెంట్రింగ్ షీట్ల నుంచి లేచే వెలుగే ఆధారం. అతన్ని పైనుంచి తీస్తే హెల్మెట్ తప్ప మరేదీ రాదు, మోకాళ్ళ ఎత్తుకు దిగి తీస్తే కళ్ళూ, చేతిలో బైండింగ్ వైరూ రెండూ వస్తాయి.

జవాబు: పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్, వరంగల్లు

పైన చెప్పినదంతా సరైనదే. ఫ్లాష్ గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే ఎండలో ఫ్లాష్ వాడడం మాకు నిత్యకృత్యం.

జాకెట్ మీది వెండి పట్టీలు వెలుగును ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపేలా తయారుచేసినవి. రాత్రి వాహనం లైట్ల వెలుగు ఆ డ్రైవరు కంటికే తిరిగి చేరాలన్నది వాటి ప్రయోజనం. కెమెరా నెత్తిన ఉన్న ఫ్లాష్ విషయంలో కూడా అవి తమ పని తాము చేస్తున్నాయి, వెలుగు మొత్తం మీ లెన్సులోకే తిరిగి వస్తోంది. ఫ్లాష్‌ను కెమెరా మీది నుంచి తీసి, ఒక చిన్న ట్రిగ్గరుతో గాని, తీగతో గాని కలిపి, ఎడమచేత్తో పట్టుకుని చేయి చాపినంత దూరం పక్కకు జరపండి. పట్టీలు వెంటనే మామూలు బూడిదరంగులోకి వస్తాయి. ఇంతకు మించి దానికి వేరే చికిత్స అక్కర్లేదు.

రెండోది శక్తి. మామూలు ఫ్లాషుకు షట్టర్ 1/200 దాటకూడదు, కొన్ని కెమెరాల్లో 1/250. ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 పెడితే నిండు ఎండకు ఎఫ్/11 వస్తుంది. గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తికి కొలత) 30 మీటర్లున్న ఫ్లాష్ ఎఫ్/11 దగ్గర పూర్తి శక్తితో రెండున్నర, రెండు ముప్పావు మీటర్ల దూరం వరకే ఎండతో సమానంగా నిలబడగలదు. మీకు ఎండతో సమానమైన వెలుగు అవసరం లేదు, ఒకటి ఒకటిన్నర స్టాపు తక్కువగా ఉంటేనే సహజంగా ఉంటుంది కాబట్టి ఆ దూరం సరిపోతుంది. వెనక భాగాన్ని మసకబార్చాలని ఎఫ్/1.8 పెట్టి, హై స్పీడ్ సింక్‌లోకి (ఆ పరిమితికన్నా వేగమైన షట్టరుతో ఫ్లాష్ వాడే పద్ధతి) వెళితే మాత్రం ఫ్లాష్ శక్తి రెండు స్టాపులకు పైగా పడిపోతుంది, బ్యాటరీలు కూడా త్వరగా అయిపోతాయి. సైట్‌లో వెనక కనబడే పరంజా, రాడ్లు, ఇటుకలు ఆ మనిషి కథలో భాగమే కదా. వాటిని మసకబార్చడం నాకైతే నచ్చదు.

జవాబు: భద్రతాధికారి, దుబాయి (సొంత ఊరు జగిత్యాల దగ్గర)

నేను ఫొటోగ్రాఫరును కాను. నిర్మాణ సైట్లలో భద్రత చూసుకోవడం నా ఉద్యోగం. నాతో ఇక్కడ పనిచేసేవాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ప్రశ్న చూసి రాయకుండా ఉండలేకపోయాను.

విజయవాడ మిత్రుడు చెప్పిన స్లాబు నీడ సలహా మంచిదే గాని, దాన్ని నేల అంతస్తులోనో, అంచుకు రెయిలింగు పూర్తిగా బిగించిన చోటనో మాత్రమే పాటించండి. పై అంతస్తులో ఎండ పడే చోటు అంటే సాధారణంగా స్లాబు అంచే అవుతుంది. కెమెరా కంటికి ఆనించినవాడు ఫ్రేము సరిచేసుకుంటూ ఒక అడుగు వెనక్కి వేయడం సహజం, అది ఎటు పడుతుందో అతనికి తెలియదు. లిఫ్టు గుంటలకూ, డక్టుల కోసం వదిలిన ఖాళీలకూ కూడా ఇదే జాగ్రత్త అవసరం. పైన పనిచేస్తున్నవాణ్ణి పేరు పెట్టి పిలిచి ఇటు చూడమనకండి. వెండిరంగు రిఫ్లెక్టర్ అసలు తేవద్దు. నిచ్చెన మీద ఉన్నవాడి కళ్ళలో, క్రేన్ నడిపేవాడి కళ్ళలో ఆ వెలుగు ఒక్క క్షణం పడినా ప్రమాదమే. గొడుగులూ, గుడ్డ తెరలూ గాలికి ఎగిరిపోతాయి. వెలుగు చాలకపోతే సైట్‌లోనే దొరికే తెల్ల జిప్సం బోర్డు ముక్కను నేల మీద పరిచి, ఎగరకుండా నాలుగు ఇటుకలు పెట్టండి.

ఇంకో విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు ఇంజినీరు. మీరు అడిగితే కాదనే ధైర్యం కూలీకి ఉండకపోవచ్చు. మేస్త్రి ద్వారా అడిగిస్తే అసలే ఉండదు. ప్రతి ఒక్కరినీ వాళ్ళకు అర్థమయ్యే భాషలో, విడిగా, భోజనాల వేళ అడగండి, వద్దంటే అక్కడితో వదిలేయండి. ఫొటోలో ఎవరైనా హెల్మెట్ లేకుండానో, సేఫ్టీ బెల్టు తగిలించుకోకుండానో కనబడితే ఆ ఫైలు కాంట్రాక్టరు చేతికి పోనివ్వకండి. మనిషిని గౌరవించడానికి తీసిన ఫొటో అతని కూలి కోతకు సాక్ష్యంగా మారడం నేను చూశాను. భద్రత లోపం కనబడితే కెమెరా పక్కన పెట్టి, ఇంజినీరుగా మీరు చేయవలసింది అప్పుడే చేయండి.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో బయట పని చేయించడం నిషేధం. మీ దగ్గర కూడా మే నెలలో ఆ వేళ పనివాళ్ళు నీడకు చేరితే, వాళ్ళను ఫొటో కోసం మళ్ళీ ఎండలోకి పిలవకండి.

జవాబు: ఫొటో జర్నలిజం అధ్యాపకుడు, నల్లగొండ

పై జవాబులన్నీ ఎండను తప్పించుకునే దారులు చెబుతున్నాయి. నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. ఈ మనుషుల జీవితంలో ఎండ చాలా పెద్ద భాగం. అందరి ముఖాలనూ మెత్తని వెలుగులోకి తెస్తే, వాళ్ళు ఏ పరిస్థితిలో ఈ భవనాన్ని కట్టారన్న విషయం ఆ ఫొటోల్లోంచి జారిపోతుంది.

మా జిల్లాలో నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. సుమారు 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతి కట్టడాన్ని యంత్రాలకన్నా ఎక్కువగా మనుషుల చేతులే లేపాయి. ఆనకట్ట ముఖం మీద ఏటవాలుగా కట్టిన పరంజా మీదుగా, తలల మీద రాళ్ళు మోస్తూ బారులు తీరిన వేలాది కూలీల ఫొటోలను మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిలో ఒక్కరి ముఖం కూడా సరిగా గుర్తుపట్టలేము. అయినా ఆ ఎండా, ఆ ఏటవాలూ, ఆ మనుషుల వరసా కలిసి ఆ కట్టడం వెనక ఎంత శ్రమ ఉందో చెబుతాయి.

కాబట్టి మధ్యాహ్నానికి ముందు గంటలో కూడా కొన్ని తీయండి. ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/400 అని చేత్తోనే పెట్టి, ఇక మార్చకండి. నీడలు నల్లగా పోతే పోనివ్వండి. పైన కట్టిన రాడ్ల జాలీ నీడ కింద పనిచేసేవాడి వీపు మీద గళ్ళుగా పడుతుంది. ఆరిన చెమట నీలం చొక్కా మీద తెల్లని ఉప్పు చారలుగా మిగులుతుంది, పక్క నుంచి ఎండ పడితేనే ఆ చారలు స్పష్టమవుతాయి. సిమెంటుకు పగిలిన వేళ్ళు కూడా అంతే. ఇసుక జల్లెడ పట్టేవాళ్ళను సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే, లేచిన ధూళి మొత్తం వెలుగుతుంది. అప్పుడు మనిషి ఆకారం చుట్టూ ఒక అంచు ఏర్పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: సైట్ ఇంజినీరు, హైదరాబాదు

అందరికీ ధన్యవాదాలు. భద్రతాధికారి గారు చెప్పిన మాటలను మొదటి నియమాలుగా పెట్టుకుంటున్నాను. అనుమతి ఎవరి ద్వారా అడగాలన్నది నేను ఇంత లోతుగా ఆలోచించలేదు. అధ్యాపకుల సూచన గోడ మీద పెట్టే ఫొటోలకు చక్కగా సరిపోతుంది. అయితే ఇంటికి ఇచ్చే ఫొటోలో మాత్రం ముఖం ఉండి తీరాలి. శ్రీకాకుళంలో ఉన్న తల్లికి కొడుకు వీపు మీది నీడ చూపిస్తే ఆమెకు ఏం సంతోషం కలుగుతుంది?

రెండు సందేహాలు మిగిలాయి. తట్టలు మోసే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ తెల్ల ఫుల్‌చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టి, దాని మీద చుట్టకుదురు పెట్టుకుంటారు. తట్ట నీడ ముఖం మీద, ఎండ చొక్కా మీద పడుతుంది. రెండింటినీ ఒకే ఫొటోలో ఎలా పట్టాలి? రెండోది, భవనం చుట్టూ కట్టిన ఆకుపచ్చ వల వల్ల మధ్య అంతస్తుల్లో అందరి ముఖాలూ పచ్చగా వస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే అమరిక) మార్చినా పూర్తిగా పోవడం లేదు.

జవాబు: పత్రికా ఫొటోగ్రాఫర్, విజయవాడ

స్లాబు అంచు గురించి భద్రతాధికారి గారు చెప్పిన హెచ్చరికను నా జవాబుకు కలిపి చదువుకోండి. నేను నేల అంతస్తును దృష్టిలో పెట్టుకుని రాశాను గాని, ఆ మాట విడమరిచి చెప్పడం అవసరమే.

తట్ట మోసేవాళ్ళను బరువుతో ఎండలో నడుస్తున్నప్పుడు తీయవద్దు. వాళ్ళ దారికి అడ్డుపడడం ఎలాగూ మంచిది కాదు. బరువు దింపి, ఖాళీ తట్ట చేత పట్టుకుని మెట్లు దిగి వస్తారు చూడండి, అక్కడ కాచుకోండి. కిటికీలు ఇంకా బిగించని మెట్ల గదిలో మలుపు దగ్గర వెలుగు పక్క నుంచి పెద్దగా, మెత్తగా వస్తుంది, నేరుగా ఎండ పడదు. తెల్ల చొక్కాకూ ముఖానికీ తేడా అక్కడ ఎంతో తగ్గుతుంది. చొక్కాలో మడతలు కనబడేంత వరకు ఎక్స్‌పోజర్ ఉంచి, ముఖాన్ని తరవాత కంప్యూటరు మీద అర స్టాపు పైకి లేపితే సరిపోతుంది. బరువు దిగిన క్షణంలో మెడ నిటారుగా అవుతుంది, చూపు పైకి లేస్తుంది. దారికి పక్కగా, మలుపు మూలలో గోడకు ఆని నిలబడి 50 ఎంఎం లెన్సుతో తీయండి.

ఆకుపచ్చ వల విషయంలో తేడా ఇది. ముఖం మీద పడే వెలుగు మొత్తం వల గుండానే వస్తుంటే, పక్కన ఉన్న తెల్ల పుట్టీ గోడను చూపించి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ఒక బుగ్గ మీద వల వెలుగూ, రెండో బుగ్గ మీద మామూలు పగటి వెలుగూ కలిసి పడుతున్నాయేమో చూడండి. అలాంటి చోట ఒకటి సరిచేస్తే రెండోది గులాబీ రంగులోకి పోతుంది. దాన్ని సరిదిద్దడం మీద గంటలు ఖర్చుపెట్టకుండా, వల లేని వైపుకు మారండి, లేదా ఆ ఒక్క ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చేయండి. నీలం టార్పాలిన్ కింద కూడా ఇదే ఇబ్బంది వస్తుంది.

సిమెంటు దుమ్ము సంగతి ఎవరూ చెప్పలేదు. సైట్ లోపల లెన్సు మార్చకండి. దుమ్ము పడిన లెన్సును తడిగుడ్డతో తుడవకండి, ముందు గాలిబుడ్డితో ఊదండి. కెమెరాను కాలుతున్న స్లాబు మీద పెట్టకండి.

అచ్చు వేయించేటప్పుడు ఇంకొక జాగ్రత్త. స్క్రీన్ మీద సరిగ్గా కనబడిన ముఖం కాగితం మీద కొంచెం ముదురుగా వస్తుంది. అందుకని అందరివీ ఒకేసారి ఇవ్వకుండా, బాగా నల్లగా ఉన్న ఒకరిదీ, చామనఛాయ ఉన్న ఒకరిదీ ముందు చిన్న సైజులో వేయించి, పగటి వెలుగులో పెట్టి చూసుకోండి. ల్యాబులో చాలాచోట్ల అడగకుండానే ముఖాలను తెల్లబరుస్తారు. మన పెళ్ళి ఆల్బమ్‌ల వల్ల అలవాటైన పద్ధతి అది. కలర్ కరెక్షన్ ఏదీ చేయవద్దని ఆర్డరు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే మరిచిపోతారు. మ్యాట్ కాగితం అడగండి. రేకుల షెడ్లలో గోడకు తగిలిస్తారు కాబట్టి, గ్లాసీ కాగితమైతే వేలిముద్రలు పడడమే కాక, తలుపు వైపు నుంచి వచ్చే వెలుగు దాని మీద మెరిసి ముఖం కనబడదు.